దారికి అడ్డంగా పెట్టిన కొమ్మ

మంచులో నాన్న వీపు కూడా సరిగ్గా కనిపించడం లేదు. కనక గబగబా నడుస్తోంది.

ఆదివారం కాబట్టి బడి లేదు. సంతకు వెళ్లే జీపు రేపు పొద్దున్నే వస్తుంది. ఆలోగా చీపుళ్లు కట్టాలి. అందుకే ఎద్దుమూపు కొండ మీద గడ్డి కోయడానికి బయల్దేరారు. కర్ర ఊతంగా నడిచే నానమ్మ, చెల్లి చిట్టి వెనకాల మెల్లగా వస్తున్నారు.

కొండ నడుమ దారి రెండుగా చీలింది. నాన్న ఉసిరి కొమ్మ విరిచి ఎడమ దారికి అడ్డంగా పెట్టాడు. ఇటు రావద్దని వెనక వచ్చేవాళ్లకు అదే గుర్తు. వానాకాలంలో ఆ దారి తెగిపోయింది. దాని చివర లోయ ఉంది. మంచులో ఏ దారి ఏదో పోల్చుకోలేం.

నాన్న ముందుకు వెళ్లగానే కనక చూపు కొమ్మకున్న కాయల మీద పడింది. కొమ్మ తీసుకుని, కాయలు తెంపి తింటూ నడిచింది. ఆ గుర్తు సంగతి ఆమెకు తెలియక కాదు. కాయలు కనిపిస్తే కనకకు లోకం కనిపించదు, అంతే.

పైన కాసేపు గడ్డి కోశాక అడిగింది. "నాన్నా, నానమ్మోలు ఇంకా రానేదేటి?"

"వత్తారులే. కొమ్మెట్టినాను గదా, దారి తప్పరు."

కనక కోత ఆపేసింది. చెబితే నాన్న కొడతాడేమో. చెప్పకపోతే? చిట్టికి ఆరేళ్లు. ఎప్పుడూ నానమ్మ కన్నా ముందే పరిగెడుతుంది.

"నాన్నా! కొమ్మ నేను తీసీసినాను. కాయల కోసం."

 నాన్న కొడవలి వదిలేసి కిందికి పరిగెత్తాడు. తిట్టినా బాగుండేదనిపించింది కనకకు. ఏడుస్తూ వెనకే పరిగెత్తింది.

దారులు చీలిన చోట ఆగి ఇద్దరూ కేకలు వేశారు. మంచులోంచి జవాబు రాలేదు. మళ్లీ వేశారు. 

అప్పుడు ఎడమ దారి వైపు నుంచి సన్నగా చిట్టి ఏడుపు వినిపించింది.

నాన్న చెట్ల వేళ్లు పట్టుకుంటూ వెళ్లాడు. లోయ అంచుకు కాస్త ఇవతల నానమ్మ కూర్చుని ఉంది. చిట్టిని రెండు చేతులా వాటేసుకుంది.

"కర్రేత్తే నేల తగల్నేదురా. ఇంక కదల్నేదు," అంది.

నాన్న ఇద్దరినీ మెల్లగా వెనక్కి తీసుకొచ్చాడు.

"కొమ్మెట్టనేదేటిరా?" అడిగింది నానమ్మ. 

"నాన్న ఎట్టినాడు. నేనే తీసీసినాను, నానమ్మా."

నానమ్మ చిట్టిని దగ్గరకు లాక్కుంది. "సిట్టి ముందు నడిసుంటే?" అని మాత్రం అంది.

కనక కొత్త కొమ్మ విరిచి దారికి అడ్డంగా పెట్టింది. కదలకుండా రెండు చివరలా రాళ్లు పెట్టింది.

"పదయే గుంటా, బేగి. గడ్డి కొయ్యాల," అన్నాడు నాన్న.

కనక కదల్లేదు. కింద మంచులో ఎవరో దగ్గుతూ పైకి వస్తున్నారు.

"మీరెల్లండి నాన్నా. ఆలొచ్చీదాకా నేనిక్కడే ఉంటాను."