సెమిసి పక్క కుర్చీ

"అమ్మ ఆ కుర్చీలో కూర్చోకపోతే రేపు నేను సన్మానానికే రాను!"

సెమిసి అంతమాట అనేసరికి లేసియేలి చేతిలో గరిటె ఆగిపోయింది. అమెరికాలోని సాల్ట్ లేక్‌లో స్థిరపడ్డ టోంగా దీవులవాళ్లంతా రేపు చర్చి హాలుకి కదిలి వస్తున్నారు! ఎందుకు రారు మరి? ఎడమ మోకాలు నుజ్జయి, వీడు మళ్లీ నడిస్తేనే గొప్ప అని డాక్టర్లు తేల్చేశాక కూడా మైదానంలోకి దిగి ఆడిన ఫుట్‌బాల్ ఆటగాడు తన కొడుకు. ఈ ఏడాది ధైర్యానికిచ్చే బహుమతికి జట్టులోని తోటి ఆటగాళ్లే ఓట్లేసి వాణ్ణి ఎన్నుకున్నారు. కాలికి కట్టు ఉండగానే, పేటలో కిడ్నీ జబ్బు చేసిన పెద్దవాళ్లని వ్యానెక్కించుకుని డయాలసిస్‌కి తిప్పినందుకు నగరంవాళ్లు ఇంకో సత్కారం కూడా ప్రకటించారు. ఇంత సంబరంలో ఇదేం పేచీ!

"ఒరేయ్, మెల్లిగా! అక్క చెవిన పడిందంటే ఇంకేమన్నా ఉందా?" అన్నాడు తండ్రి ఫెలేటి. మనిషి చూస్తే కొండంత ఉంటాడు గానీ, అక్క సిసిలియ పేరెత్తితే చాలు, పిల్లి అయిపోతాడు.

ఆ కుర్చీ సిసిలియది. టోంగా ఆచారంలో పెళ్లయినా, పుట్టినరోజయినా, సన్మానమయినా పిల్లవాడి పక్కన ఎత్తుపీట మేనత్తదే. కానుకగా పెట్టే మొదటి చాప ఆమెకే, మొదటి ముద్ద ఆమెకే. కన్నతల్లి చోటు వెనకాల, వంటగది గుమ్మం దగ్గర. ఇదేమిటని ఎవరూ అడగలేదు. లేసియేలీ ఎన్నడూ అడగలేదు.

ఆశ లేదా అంటే... ఉంది! ఎందుకుండదు? వాడి మోకాలు నుజ్జయినప్పుడు ఇంటి హాల్లోకి మంచం తెచ్చి వేసింది తను. ఆ మంచం పక్కన నేల మీద పడుకున్నది తను. విమానాశ్రయం దగ్గర హోటల్లో దుప్పట్లు ఉతికి వచ్చి, కాళ్లు పీకుతున్నా కూర్చోకుండా, కొడుకు కాలికి నూనె రాసి, వాడు ఏడుస్తున్నా మడిచి, చాచి, మళ్లీ మడిచి... "రాక్షసివమ్మా నువ్వు!" అని వాడు తిడితే స్నానాలగదిలోకి పోయి కుళాయి విప్పి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ అదే కాలు పట్టుకుంది! అప్పుడు చుట్టాల్లో ఎవరు చూశారు? వాడు తల్లిని తలుచుకుంటున్నాడంటే, ఆ క్షణాన ఆమె గుండె నిండిపోయింది. ఆ నిండుగుండెతోనే కొడుకు వైపు తిరిగింది.

"నీకు ధైర్యానికిచ్చార్రా బహుమతి, మొండితనానికి కాదు! నన్ను కూర్చోబెట్టాలంటే మీ అత్తని లేపాలి. ఇంతమందిలో ఆవిడ తల దించుకోవాలా? కొడుక్కి పేరొచ్చేసరికి ఈవిడ కళ్లు నెత్తికెక్కాయని నన్ను నలుగురూ అనాలా? ఆ మాటలు మోస్తూ ఆ కుర్చీలో కూర్చోమంటావా? వద్దు నాన్నా! చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను. వేళకి తెములు."

సెమిసి వెళ్లి చొక్కా అందుకున్నాడు. వాణ్ణి ఎదురు మాట్లాడనివ్వకపోవడం ఆమెకి కొత్తేమీ కాదు.

మర్నాడు హాలు కిటకిటలాడింది. సిసిలియ తమ ఆచారం ప్రకారం నడుముకి వెడల్పాటి చాప చుట్టుకుని దర్జాగా వచ్చి కుర్చీలో కూర్చుంది. "ఇది కిర్రుమంటోందేవిట్రా ఫెలేటీ, నన్ను పడేద్దామనా?" అంది. అందరూ నవ్వారు. జట్టు కోచ్ వచ్చి నాలుగు మాటలు చెప్పాడు. తరవాత సెమిసి లేచాడు. వంటగది గుమ్మంలో పళ్లెం పట్టుకుని నిలబడ్డ తల్లి కనిపించింది. "మా అమ్మ..." అన్నాడు. అంతే! మేనత్త వైపు చూసి, తల వంచుకుని కూర్చుండిపోయాడు.

ఇక మేనత్తకి కానుకలు పెట్టే వేళయింది. ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా మేలైన చాప, పట్టులా మెత్తటిది, తన చేత్తో అల్లింది, తెచ్చి సిసిలియ పాదాల దగ్గర పరిచింది లేసియేలి.

"ఇది నాదేనా?" అంది సిసిలియ.

"మీదే వదినా."

"నాదైతే నా ఇష్టమేగా?"

"మీ మాటకి అడ్డెవరు వదినా!"

సిసిలియ లేచింది. చాప తీసుకుని తను కూర్చున్న కుర్చీ మీదే పరిచింది. "కూర్చో" అంది.

హాల్లో అందరూ మెడలు చాచి చూశారు.

"వద్దు వదినా... నేనా..."

"అదేంటి, ఇంతమందిలో నా మాట కాదంటావా? పోయిన చలికాలం పులుసు పట్టుకుని మీ ఇంటికొచ్చాను లేసియేలీ. గుమ్మంలోనే ఆగిపోయాను. లోపల వీడు 'నావల్ల కాదు, ఇక ఆడను' అని అరుస్తూ పింగాణీ గిన్నె విసిరికొట్టాడు. నువ్వా పెంకులన్నీ ఏరి పారేసి, 'అయిందా? ఇప్పుడు లే' అన్నావు. అంతకుముందే నేను ఊరంతా చెప్పాను, దీనికి పిల్లాడి మీద జాలి లేదని! లోపలికి రావడానికి మొహం చెల్లక పులుసు అక్కడే పెట్టి పోయాను. నేనైతే వాణ్ణి పడుకోబెట్టి జోకొట్టేదాన్నే... వీడు ఇవాళ్టికీ మంచం మీదే ఉండేవాడు!"

"అత్తా! నిన్న నేనూ ఇదే అన్నాను, అమ్మకి ఈ కుర్చీ..."

"ఇవ్వడానికి నువ్వెవడివిరా? కుర్చీ నాది! నువ్వు లాక్కుని ఇస్తే మీ అమ్మకి మాటొస్తుంది. నేనిస్తే ఎవడు నోరెత్తుతాడో ఎత్తమను!"

ఎవరూ ఎత్తలేదు. ఫెలేటి మాత్రం అందరి ముందూ చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. సెమిసి తల్లిని భుజాలు పట్టుకుని నడిపించుకొచ్చి కూర్చోబెట్టి, బహుమతి ఆమె ఒళ్లో పెట్టి, ఆ ఒళ్లోనే తల పెట్టుకున్నాడు. లేసియేలికి కన్నీళ్లు ఆగలేదు. ఈసారి ఏ కుళాయీ విప్పలేదు. ఎవరు చూస్తే ఏం!

సిసిలియ పోయి వంటగది గుమ్మం దగ్గర చతికిలబడింది. "కాల్చిన పందిపిల్ల మాత్రం నాకే! ఇచ్చింది కుర్చీయే గానీ నోరు కాదు!" అని కేకేసింది. హాలు గొల్లుమంది.

వదినకి వడ్డించాలని లేసియేలి అలవాటుగా లేవబోయింది.

"కూర్చోవే!" అని గద్దించింది సిసిలియ.

లేసియేలి కూర్చుంది.