కత్తిరించిన ముక్క

ఆయన ఏ గురువు ముందూ చేతులు కట్టుకుని నిలబడలేదు. అది పొగరు కాదు, వినయం అంటాడు. తన కోసం ఇంకో మనిషి శ్రమపడటం ఆయనకు ఇష్టం ఉండదట. అందుకే ఫోనులో ఊరికే దొరికే వీడియోలు చూసి మిక్సీ రిపేరు నేర్చాడు, గిటారు నేర్చాడు, చివరికి తాళాలు తీయడం నేర్చాడు.

"ముందు ఆ విప్పిన మిక్సీ బిగించండి మాస్టారూ!" అనేది భార్య.

తాళాలు మాత్రం నిజంగానే వచ్చాయి. నేర్పింది ఎవరో పెద్దాయన. మొహం కనిపించదు. పచ్చగుడ్డ పరిచిన బల్ల, దాని మీద రెండు ముడతల చేతులు, దగ్గు కలిసిన గొంతు, అంతే. ఏ తలుపు తీసినా ముందు మూడుసార్లు తట్టి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగి కాసేపు ఆగేవాడు.

మనవాడు ఆ పాఠాలన్నీ పొల్లుపోకుండా తన చేతులతో మళ్లీ వీడియోలు తీసి తన ఛానెల్లో పెట్టుకున్నాడు. తలుపు తట్టే ముక్క ఒక్కటే చాదస్తమని కత్తిరించేశాడు. ఆపైన, పెద్దాయనే తనను కాపీ కొట్టాడని ఫిర్యాదు పెట్టాడు. వారం తిరక్కుండా పెద్దాయన ఛానెల్ మాయమైంది. చూసేవాళ్లంతా ఇటు వచ్చారు.

ఒక మధ్యాహ్నం ఒకావిడ ఇంటికి పిలిపించింది. పోయిన తండ్రి గదట. ఇనుప తలుపు, తాళంచెవి కనబడటం లేదు.

"ఎంతసేపు పడుతుందండీ?"

"మీరు టీ పెట్టేలోపు!"

ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. ఆయన తట్టలేదు, అడగలేదు. సన్నని ఊచ పెట్టి తిప్పాడు. తలుపు తెరుచుకుంది. లోపల చల్లగా ఉంది. తుప్పు వాసన, నూనె వాసన, వాటి అడుగున మందుల వాసన. కిటికీ లేదు. ఫోను లైటు వేశాడు.

బల్ల. దాని మీద పచ్చగుడ్డ.

వెనక్కి తిరిగేలోపే తలుపు మూసుకుంది. తడిమి చూశాడు. లోపలివైపు తాళం కన్నమే లేదు. నున్నటి ఇనుము. లైటు ఆరిపోయింది. బయట ఎవరో దగ్గారు.

టక్... టక్... టక్...

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాను! నేనున్నాను! తీయండి!"

బయట అలికిడి లేదు. తర్వాత చెవి పక్కనే, గుసగుసగా...

"ఆ ముక్క తీసేశావు కదా నాయనా. ఇక నువ్వెంత అరిచినా ఎవరూ తీయరు."

అరిచాడు. తలుపును గోళ్లతో గీరాడు. ఊపిరాడలేదు...

"టీ అండీ..."

కళ్లు తెరిచాడు. పట్టపగలు. గది బయట నేల మీద కూర్చుని ఉన్నాడు. తలుపుకు తాళం పడే ఉంది. ఆవిడ చూపు తలుపు మీదే ఉంది.

"మీరిక్కడే ఉన్నారు కదా... మరి లోపల్నుంచి మీ గొంతు వస్తోందేంటండీ?"

సాయంత్రం దాకా తంటాలు పడ్డాడు. తాళం లొంగలేదు. ఆ తర్వాత నెల రోజులు వెళ్తూనే ఉన్నాడు. లోపలి గొంతు రోజురోజుకీ నీరసిస్తోంది.

ఇవాళ పొద్దున్నే ఆవిడ ఫోన్ చేసింది.

"మీ ఆవిడ వచ్చారండీ. లోపల ఉన్నది మీరేనంటున్నారు. మరి నెల్లాళ్లుగా ఇంట్లో తనతో ఉంటున్నదెవరని అడుగుతున్నారు..."

జవాబు కోసం వీడియోలన్నీ వెతికాడు. దొరకలేదు. ఆ తలుపు తీయడం ఆయనకు ఇంకా రాలేదు.