సెకండ్ వయోలిన్ కడుపుమంట

"టార్గెట్ మన రాకెట్ సైంటిస్టు," అన్నాడు చీఫ్. "రేపటి కచేరీకి వస్తాడు, ముందు వరసలో కూర్చుంటాడు. హాల్లో ఎక్కడో గన్ దాచారు. ఒక ప్రత్యేకమైన శబ్దం వినగానే దానంతటదే పేలుతుంది. ఏ శబ్దమో తెలీదు."

"పేల్చేదెవరు సార్?"

"మీ సంగీత బృందంలోని నలుగురిలోనే ఉన్నాడు. సెల్లో వాయించే అమ్మాయి మన ఏజెంటేగా. ఆమె రిపోర్టు ప్రకారం, ఫస్ట్ వయోలిన్."

ఏజెంట్ తొమ్మిదికి చెవిలో తేనె పోసినట్టయింది. విదేశీ ముఠా వాసన పట్టడానికి ఆరు నెలలుగా అతను మారువేషంలో ఆ బృందంలో సెకండ్ వయోలిన్ వాయిస్తున్నాడు. వాళ్లు వాయించేదంతా కొత్త సంగీతం, రాసినవాళ్లు ఇంకా బతికున్న సంగీతం. తాళం పట్టుకుంటే దొరకదు. అందుకే ఏ స్వరం ఎత్తుకోవాలన్నా ముగ్గురూ ఫస్ట్ వయోలిన్ కళ్లలోకి చూడాలి. అతను ఊపిరి తీస్తే వీళ్లూ తీయాలి. నిలువెత్తు వయోలిన్ లాంటి సెల్లోని మోకాళ్ల మధ్య ఆనించుకుని ఆ సెల్లో సుందరి అతన్ని చూసే చూపుకి ఏజెంట్ తొమ్మిది కడుపు రోజూ మండిపోయేది. తనవంక ఒక్కసారైనా అలా చూసిందా? అసలు వాడిలో ఏముంది, ఆ గిరజాల జుట్టు తప్ప?

కచేరీ మొదలైంది. ఏజెంట్ కమాను చివర మత్తుసూది సిద్ధంగా ఉంది. వాడు ఒక్క తప్పు చేస్తే చాలు. దుర్మార్గుడు ఒక్క అపస్వరం కూడా పలికించలేదు.

చివరి ఘట్టం. అందరూ ఆగాలి. ఆ నిశ్శబ్దంలో సెల్లో ఒక్కటే మోగాలి, ఈ రచన కోసమే బాగా వదులు చేసిన లావు తీగ మీద. అంత కింది స్థాయి శబ్దం ఆ బృందంలో ఇంకే వాద్యంలోనూ రాదు. ఏజెంట్ అలవాటుగా, మంటగా ఆమె కళ్లవైపు చూశాడు.

ఆమె ఫస్ట్ వయోలిన్‌ని చూడటం లేదు.

ముందు ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం ఆ చూపు ఎటో గమనించాడు. ఆమె చూస్తున్నది సైంటిస్టుని. గన్ ఎదురుచూస్తున్న శబ్దం ఆ లావు తీగదే.

కమాను తీగ మీదికి దిగుతోంది. సూదికి టైం లేదు. ఏజెంట్ కాలు చాచి, సెల్లో కింద నేలకు ఆనించిన ఇనుప ముల్లును ఒక్క తన్ను తన్నాడు. సెల్లో పక్కకు జారిపోయింది. కమాను గాలిని కోసింది. వేదిక ముందున్న పూలకుండీలోని గన్ పేలలేదు. అదీ రచనలో భాగమేననుకుని జనం చప్పట్లతో హాలు మారుమోగించారు.

బేడీలు పడ్డాక ఆమె అడిగింది. "నా డబుల్ గేమ్ ఎలా కనిపెట్టావు?"

"నువ్వు వాడివైపు చూడలేదు."

"ఇన్నాళ్లూ నన్నే చూస్తూ కూర్చున్నావా?"

అతను కమాను చివరి మత్తుసూది పీకి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు పేపర్లన్నీ ఆ తన్నును ఆకాశానికెత్తేశాయి. ఆలోచన ఫస్ట్ వయోలిన్‌దేనని రాశాయి.

"శభాష్," అన్నాడు చీఫ్. "కేసు క్లోజ్."

"సార్," అన్నాడు ఏజెంట్ తొమ్మిది పేపరు మడుస్తూ, "వాడు నిజంగా నిర్దోషేనంటారా? ఇంకోసారి చూడండి."