కొండ మీది యక్షుడి పనిముట్లు

ఆ ఏడు కుందవరం రాజ్యంలో నొప్పి లేని చెయ్యి ఒక్కటీ లేదు. రైతులు గోళ్ళతో నేల గీరి విత్తనాలు నాటుతున్నారు. ఆడవాళ్ళు జొన్నలు నానబెట్టి, పచ్చివే పిల్లల చేతుల్లో పెడుతున్నారు. నాగళ్ళు చూరు కిందే ఉన్నాయి, తిరగళ్ళు వసారాల్లోనే ఉన్నాయి, చేదలు బావి గట్టునే ఉన్నాయి. కానీ అవి దేనికి పనికొస్తాయో ఒక్కరికీ గుర్తు లేదు.

దీనికంతటికీ కారణం రాజు మహీధరుడు. ఉత్తరాన ఉన్న ముసలికొండ మీద ఒక యక్షుడున్నాడు. ఏళ్ళ తరబడి వాడి అరిగిపోయిన పనిముట్లను జనం ఆయనకు ముడుపుగా సమర్పించేవారు. మూడేళ్ళ కిందట రాజు ఆ కుప్పను చూసి, "ఎందుకో తెలియని ఈ చెత్త ఎందుకు? కరిగించి కత్తులు చేయండి" అన్నాడు. కొలిమి రాజుకున్న క్షణంలోనే కొండ మీంచి మాట వినబడింది.

"ఇకమీదట ఏ పనిముట్టూ ఎందుకో మీకు తెలియకుండు గాక! నా దగ్గర మిగిలిన మూడు వస్తువులు దేనికో చెప్పగలిగినవాడు వస్తేనే ఈ శాపం తీరుతుంది."

చాలామంది వెళ్ళారు. ఒక్కరూ తిరిగి రాలేదు. వెళ్ళినవారిలో కమ్మరి ఓబాచారి కూడా ఉన్నాడు. ముప్పై ఏళ్ళు పట్టిన సుత్తిని ఒళ్ళో పెట్టుకుని, "ఇదేందో నాకు తెలీడంలేదే" అని కూతురి ముందు ఏడ్చి, మర్నాడే బయలుదేరాడు. ఏడాది చూసి, అతని కూతురు సుంకి కూడా బయలుదేరింది. అప్పటికి ఆ పిల్లకు పద్నాలుగేళ్ళు.

తొమ్మిది రోజులు అడవిలో నడిచేసరికి ఆమె పాదాలు పగిలాయి. పదో రోజు పొద్దున కొండ మొదటి మెట్టు దగ్గర ఒక ముసలి తాబేలు కనబడింది.

"యాడికి పోతాండావు బిడ్డా?" అంది తాబేలు.

"పైకి తాతా."

"నన్నూ ఎత్తుకోని పో. పైన మడుగులో మావాళ్ళుండారు. నాలుగేండ్లుగా ఎక్కతానే ఉండా, ఈ మెట్టు కూడా దాటలేదు."

సుంకికి తన ఒళ్ళు తనకే బరువుగా ఉంది. అయినా ఆ ముసలిదాని కళ్ళు చూసి కాదనలేకపోయింది. పైగుడ్డలో తాబేలును మూటగట్టి, ముడిని భుజానికి తగిలించుకుంది.

"రెండు మాటలు విను," అంది తాబేలు మూటలోంచి. "ఈ మెట్ల మీద కూర్చున్నోళ్ళు మళ్ళా లేవరు. దించిన బరువు రాయై అతుక్కుపోతుంది. ఇంగ పైనుండే యక్షుడు చూపించేదానికి చూడంగానే పేరు పెట్టబాకు. యాడ అరిగిందో, ఎవరు అరగదీసినారో చూడు."

మెట్ల పొడవునా మనుషులు కూర్చుని ఉన్నారు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, ఊపిరి ఆడుతోంది, పలుకు మాత్రం లేదు. పై మెట్ల దగ్గర ఓబాచారి కనిపించాడు. "నాయనా!" అని సుంకి అతని భుజం కుదిపింది. అతను కదలలేదు. అతని పక్కనే కాసింత చోటుంది. ఒక్క క్షణం అక్కడ చతికిలబడాలనిపించింది.

"కూర్చోబాకు," అంది తాబేలు. సుంకి కళ్ళు తుడుచుకుని పైకి నడిచింది.

కొండ కొమ్మున యక్షుడు రాతి అరుగుకు చేరగిలబడి ఉన్నాడు. ఆయన కూడా అలిసిపోయినట్టే కనిపించాడు.

"ఇంకొకతె వచ్చిందా?" అంటూ చుట్టూ ఇనుపముళ్ళున్న చిన్న తోలుపట్టీని ఆమె ముందు పడేశాడు. "రాకుమారుడొకడు దీన్ని కిరీటమన్నాడు. సేనాపతి ఒకడు ఆయుధమన్నాడు. నువ్వేమంటావు?"

సుంకి పట్టీని తిప్పి చూసింది. లోపలి తోలు మెత్తగా అరిగి ఉంది. దానికి పొట్టి పొట్టి తెల్లటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"ఇవి లేగదూడ వెంట్రుకలు సామీ. ముళ్ళు బయటికుండాయి కాబట్టి దూడకు గుచ్చుకోవు, అది ఎవరి దగ్గరికి పోతే వాళ్ళకే గుచ్చుకుంటాయి. దూడ తల్లి దగ్గరికే పోతుంది. నొప్పికి ఆవు దాన్ని దగ్గరికి రానీదు. పాలు మాన్పించేదానికి దూడ మూతికి కడతారు దీన్ని."

యక్షుడు కొంచెం నిటారుగా కూర్చున్నాడు. ఒక కొసన ఏటవాలుగా కోసిన వెదురు గొట్టాన్ని అందించాడు. "పిల్లనగ్రోవి అని ఊదినవాడు చేదు తట్టుకోలేక ఉమ్మేశాడు."

గొట్టం లోపల నిజంగానే చేదు వాసన. కొస మీద పళ్ళగాట్లున్నాయి, అదీ కింది వైపు మాత్రమే. సుంకి చాలాసేపు ఆలోచించింది. కొలిమి దగ్గరికి వచ్చే ఎడ్లు ఆవులించడం ఆమె ఎన్నోసార్లు చూసింది. ఎద్దుకు పైదవడలో ముందుపళ్ళు ఉండవు.

"జబ్బు చేసిన ఎద్దుకు మందు పోసే గొట్టం," అంది.

చివరిది ఒక కర్ర. భుజమంత ఎత్తు, పైన పంగ.

"దీనికి ఇరవైరెండు మంది జవాబు చెప్పారు. ఇరవైరెండు మందీ తప్పు చెప్పి, దిగుతూ మెట్ల మీదే కూలబడ్డారు," అన్నాడు యక్షుడు. "పండ్లు కోసేదట. పాములు పట్టేదట."

సుంకి చూసింది. పంగ లోపల అద్దంలా నునుపుదేరింది. కింది కొస పెద్ద బరువుకు నలిగి చీలింది. పండ్లు కోసే కర్రకు కింద ఎందుకు నలుగుతుంది? అంతకు మించి ఆలోచన సాగలేదు. భుజం మీద ముడి కండలోకి దిగిపోతోంది. ఒక్కసారి మూట దించితే బాగుండుననిపించింది.

"నా గురించి చూడబాకు బిడ్డా," అంది తాబేలు మెల్లగా. "నువ్వు దించుకో. నేనెట్లాగూ ముసలోణ్ణి."

"ఊరుకో తాతా," అంటూ సుంకి కర్రను ఊతగా పట్టుకుని ముందుకు ఒరిగింది. పంగ సరిగ్గా భుజం మీది ముడి కింద కుదురుకుంది. బరువంతా కర్రలోకి దిగింది. భుజం తేలికైంది. తాబేలు కింద పడలేదు, ఆమె కూర్చోలేదు.

సుంకి అలాగే కళ్ళు మూసుకుని పది ఊపిర్లు తీసింది.

"చెప్పవేం?" అన్నాడు యక్షుడు.

"బరువు మోసేవాళ్ళ కర్ర సామీ ఇది. దించేదానికి వీల్లేని బరువును కాసేపు దీని మీద ఆపి, నిలబడే ఉండి అలుపు తీర్చుకుంటారు."

"నీకెట్లా తెలిసింది?"

"నాకు తెలీలేదు. నా భుజానికి తెలిసింది."

యక్షుడు ఆమె భుజం వైపు చూశాడు. తర్వాత లేచి, తన చేతులతో తాబేలును అందుకుని మడుగులో వదిలాడు. నీళ్ళలోంచి ఎన్నో తలలు పైకి లేచాయి. మెట్ల మీద మనుషులు ఒళ్ళు విరుచుకోసాగారు.

ఓబాచారి కళ్ళు నులుముకుంటూ కూతుర్ని చూశాడు. "నువ్వెప్పుడొచ్చినావే? కాళ్ళకు ఆ నెత్తురేంది?" అన్నాడు. సుంకి అతని చెయ్యి పట్టుకుని లేపింది. మెట్లు దిగాక తండ్రి వీపెక్కి, అడవి సగం దాటేదాకా నిద్రపోయింది.

రాజు మహీధరుడు పొలిమేర దాకా ఎదురొచ్చాడు. మూడేళ్ళు తన పొలం తానే గీరుకున్న చేతులకు కాయలు కాచి ఉన్నాయి. "తప్పు నాది, దాన్ని దిద్దింది నువ్వు," అని, ముసలికొండ కింది పన్నెండు ఊళ్ళకు సుంకిని ఏలికగా ప్రకటించాడు.

అప్పటికే జనం సంబరంతో నాగళ్ళు భుజాన వేసుకుని పొలాలకు బయలుదేరుతున్నారు. కొత్త ఏలిక మొదటి ఆజ్ఞ విందామని నిలబడ్డారు.

"నాగళ్ళు దించండి," అంది సుంకి. "మూడు దినాలు ఎవరూ పొలం పని చేయగూడదు."

"పనిముట్లు ఇప్పుడే కదా తల్లీ చేతికొచ్చింది!" అన్నాడొక ముసలి రైతు.

"అవి యాడికీ పోవులే పెద్దాయనా. నీ వేళ్ళు చూసుకో ఒకసారి. ఇంటికి పోయి వేడిగా ఇంత సంగటి తిని పడుకో."

ఆ ముసలాయన తన వేళ్ళు చూసుకున్నాడు. నాగలిని మెల్లగా గట్టున ఆనించి, ఇంటిదారి పట్టాడు. ఆ సాయంత్రం పన్నెండు ఊళ్ళలోనూ తిరగళ్ళ చప్పుడు వినిపించింది, పొయ్యిల పొగ లేచింది. పొద్దు గూకకముందే ఊళ్ళన్నీ హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయాయి.