వాకిలి తియ్ మామా

"మేనకోడల్ని పులిబోనులోకి పంపుతున్నావు. ఇంకోసారి ఆలోచించుకో," అన్నాడు చీఫ్ రఘునాథన్. తట్టాంచావడిలో మూతపడ్డ వర్క్‌షాపే వాళ్ల రహస్య ఆఫీసు.

"ఉద్యోగంలోకి తెచ్చినప్పుడే ఆలోచించాల్సింది సార్," అన్నాడు ఏజెంట్ మురళీధర్.

తీరంలోని రాడార్‌ను ఒక్క గంట గుడ్డిదాన్ని చేసి, ఆయుధాల పడవను ఒడ్డుకు చేర్చాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. అందుకే మురళీధర్ రాడార్ మెయింటెనెన్స్ కాంట్రాక్టర్ వేషం కట్టి, కోసపాళయం మేడగదిలో సర్వర్ ల్యాబ్ పెట్టాడు. ఉన్నది ఒకే ఒక పాత సర్వర్. దాని లోపల రెండు వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే పెట్టెలో రెండు వేర్వేరు కంప్యూటర్లున్నట్టు. ఒకటి నిజంగా రాడార్‌తో మాట్లాడేది. రెండోది అచ్చం దానిలాంటి నకలు, ఎర. రెంటికీ మధ్య చీమ దూరని ఫైర్‌వాల్.

అది చూసి మేనకోడలు విద్య పకపకా నవ్వింది. "ఒకే ఒంట్లో ఇద్దరా? నా మాదిరే ఉండాది మామా!"

విద్య డబుల్ ఏజెంట్. నల్ల కళ్లద్దాలు పెట్టి నడిస్తే వీధంతా తిరిగి చూసేది. ముఠా ఆమెను తమ మనిషనే నమ్మింది. తమిళం, ఫ్రెంచి, ఇంగ్లీషు గడగడా చదివేది. ఇంట్లో మాట్లాడే తెలుగు మాత్రం ఒక్క అక్షరం చదవలేదు. మెసేజ్ పెడితే తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టేది.

"పేరుకే విద్య! హైదరాబాద్ ట్రైనింగులో నేను నేర్చుకోలా? నువ్వూ నేర్చుకో," అని ఏళ్ల తరబడి సతాయించాడు మురళీధర్.

"మాట్లాడేదానికి అచ్చరాలెందుకు మామా? నోరుండాది కదా!"

కోడ్‌వర్డ్ 'మునక్కాయ'. ఫోన్లో ఆ మాటతో తలుపు తట్టితే అది విద్యే. ఆమెకు అసలు మెషీన్ తెరవాలి. ఆఫీసుకు సేఫ్ లైన్ దాన్నుంచే ఉంది, ముఠా దగ్గర కాజేసిన ఫైళ్లన్నీ ఆమె అందులో దించేస్తుంది. ఆ మాట లేకుండా ఎవడొచ్చినా నకలులోకే.

శుక్రవారం మధ్యాహ్నం. గది కొలిమిలా ఉంది.

"మురళీ, ఏందిరా ఆ రొద? పిండిమిల్లు పెట్టినావా?" కింది వాటా జయమ్మాళ్ మెట్ల దగ్గర నుంచి అరిచింది.

"ఫ్యాన్లు అత్తా! కాస్త ఓర్చుకో!"

ఫోన్ టింగుమంది.

'మామా, యాడ ఉండావు? మునక్కాయ తెచ్చినా. బిరీన వాకిలి తియ్.'

మాట ఆమెదే. యాస ఆమెదే. కోడ్ సరిపోయింది. మురళీధర్ వేలు అసలు మెషీన్ మీదికి వెళ్లింది. నొక్కడమే తరువాయి.

వేలు అక్కడే ఆగిపోయింది.

మెసేజ్ తెలుగు లిపిలో ఉంది.

విద్య నోటితో చెబుతుంటే, మాటను అక్షరాలు చేసే యాప్‌లో ఇంకెవడో ఎక్కిస్తున్నాడు. పట్టుబడింది. ఏం చేశారో ఏమో, కోడ్ కూడా చెప్పేసింది. తనకు ఆ అక్షరాలు రావన్న ఒక్క సంగతి మాత్రం దాచుకుంది.

తలుపు తియ్యకపోతే ఆమెను అక్కడే చంపేస్తారు. అసలుది తీస్తే పడవ ఒడ్డెక్కుతుంది. నకలు తీస్తే, అది నకలని వాళ్లకు తెలిసేదాకా ఆమెకు ఆయుష్షు.

నకలు తీశాడు. 'రా తల్లీ' అని జవాబు కొట్టాడు, తెలుగులోనే. ఆమె చదవలేదని తెలిసీ.

ముఠా నకలులోకి ఉరికింది. ఆ దారినే వెనక్కి పోయి, ముఠా ఎక్కడుందో ఆఫీసు జాడ పట్టింది. లాస్‌పేటలో ఒక అద్దె బంగ్లా.

"టీమ్ బయల్దేరింది. వాళ్లను లోపలే ఉంచు," అన్నాడు ఫోన్లో రఘునాథన్.

నకలు తెర మీద రాడార్ ఆరిపోయింది. ముఠా నమ్మింది. అసలు తెర మీద మాత్రం పడవ చుక్కలా మెరుస్తూనే ఉంది; ఒడ్డు కనపడే దూరంలో గస్తీ ఓడ దానికి ఎదురుగా వచ్చి ఆగింది.

కాసేపటికి మళ్లీ ఫోన్. "పడవ చిక్కింది. బంగ్లాలో ముఠావాళ్లు ముగ్గురూ దొరికారు."

"విద్య?"

"పడవవాళ్లు చిక్కగానే రేడియోలో బంగ్లాకు కేక వేశారయ్యా. అప్పటికి మనవాళ్లు గేటు దగ్గరే ఉన్నారు. గేటు దగ్గరే..."

మురళీధర్ సర్వర్ ఆపేశాడు. ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆగాయి. "అమ్మయ్య, పీడ వదిలింది!" అంది కింద జయమ్మాళ్.

"ఢిల్లీ అడుగుతోంది," రఘునాథన్ గొంతు తగ్గించాడు. "ఎలా కనిపెట్టావని చెప్పమంటావు?"

"మా మేనకోడలు నా మాట వినలేదని చెప్పండి సార్."