నలభై ఏడో నమూనా

"ఇనుముకీ ఇత్తడికీ తేడా తెలుసా నీకు?" అడిగాడు చీఫ్.

"రంగు చూసి చెప్పగలను సర్."

"నాకు అదీ రాదు. అయినా ఈ కేసు మన నెత్తినే పడింది. కూర్చో."

మంగళవారం ఉదయం పది గంటలు. మూడో అంతస్తులో ఉన్న ఆ గది బయట 'పాత రికార్డుల విభాగం' అని బోర్డు ఉంటుంది. ఆ బోర్డు చూశాక లోపలికి తొంగిచూడాలన్న కోరిక ఇంతవరకూ ఎవరికీ కలగలేదు. దేశంలోకెల్లా పదునైన గూఢచారి సంస్థ పదిహేనేళ్ళుగా ఆ బోర్డు వెనక హాయిగా పని చేసుకుంటోంది.

అల్లుడు కూర్చున్నాడు. అతని అసలు పేరు సర్వీస్ ఫైల్లో సీలు వేసి ఉంది. చీఫ్ అతనికి సొంత మేనమామ. తండ్రి పోయిన ఏడాది పదకొండేళ్ళవాణ్ణి వేలు పట్టుకుని తీసుకొచ్చి, చదివించి, పిస్టల్ పట్టడం నేర్పించి, ఈ ఉద్యోగంలో పెట్టింది ఆయనే. ఒకసారి మీటింగులో అందరి ముందూ పొరపాటున "అల్లుడూ" అని పిలిచాడు. ఇక అదే కోడ్ నేమ్ అయి కూర్చుంది. మామయ్యని ఆఫీసులో సర్ అనడం మాత్రం అల్లుడు ఎప్పుడూ మరిచిపోలేదు.

చీఫ్ ఒక ఫొటో ముందుకి తోశాడు. నెరిసిన గడ్డం, మెడలో తాడుకి వేలాడుతున్న భూతద్దం.

"ప్రొఫెసర్. సాలిడ్ మెకానిక్స్. లోహాలు ఎందుకు విరుగుతాయన్నదే ముప్పై ఏళ్ళుగా ఈయన పని. ఈమధ్య ఒక ద్రవం తయారు చేశాడు. మన విమానాల ల్యాండింగ్ గేర్ ఉంటుంది చూడు, చక్రాల్ని మోసే కాళ్ళు. వాటికి ఒక్క చుక్క రాస్తే చాలు, రెండు రోజుల్లో లోహం లోపల్నుంచి గుల్లవుతుంది. పైకి ఏమీ కనపడదు. విమానం దిగుతుంది, కాలు విరుగుతుంది."

"అలాంటిది ఎందుకు తయారు చేశాడు సర్?"

"రోగం తెలిస్తేనే కదా మందు. దాన్ని ఆపే పూత కూడా తయారవుతోంది. ఇంకో మూడు నెలలు పడుతుంది. ఈలోగా ఫార్ములా 'త్రిభుజం' ముఠా చేతిలో పడిందంటే నూట పన్నెండు విమానాలు, వాటిలో మనుషులు. శుక్రవారం కమిటీ ముందు టెస్ట్ ఉంది. ద్రవం రాసిన నమూనాని విరగ్గొడతారు. నంబర్ నలభై ఏడు. ఆ ముక్కలు ఎవడి చేతిలో ఉంటే ఫార్ములా వాడి చేతిలో ఉన్నట్టే. టెస్ట్ అవగానే సంతకం పెట్టి తీసుకుని తిన్నగా నా దగ్గరికి రా. మన వాల్ట్‌లో పెడదాం."

రెండో ఫొటోలో ఒక యువతి. పొడవాటి మెడ, నీలం చీర, కెమెరాని లెక్కచెయ్యని చూపు.

"నెమలి. విజిటింగ్ రీసెర్చర్ వేషంలో ల్యాబ్‌లో ఉంది. త్రిభుజం మనిషి. జాగ్రత్త."

"ఫొటోలో అంత ప్రమాదంగా లేదు సర్."

"ఫొటోలో పులి కూడా కరవదు," అన్నాడు చీఫ్, ఫైలు మూస్తూ.

పరికరాల విభాగం అతనికి రెండు వస్తువులు ఇచ్చింది. చొక్కా గుండీలో కెమెరా ఒకటి. క్యాప్ తిప్పితే ట్రాన్స్‌మిటర్ అయ్యే పెన్ను ఇంకొకటి. తిప్పకపోయినా అది రాసేది కాదు.

బుధవారం అల్లుడు టెస్టింగ్ మెషీన్ల సర్వీస్ ఇంజినీర్‌గా ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. ఎత్తయిన హాలు, నూనె వాసన, పగలు కూడా వెలిగే ట్యూబ్‌లైట్లు. గది మధ్యలో రెండు ఉక్కు స్తంభాల యంత్రం ఒక సన్నటి కడ్డీని పైకీ కిందికీ లాగుతూ నిమిషానికి మూడు వందల సార్లు మూలుగుతోంది. పక్కన స్టూలు మీద ప్రొఫెసర్, పసిపిల్లకి జ్వరం చూస్తున్నట్టు దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. అల్లుడు ఎవరో ఆయన ఒక్కడికే తెలుసు.

బల్ల మీద విరిగిన కడ్డీ ముక్కలు రెండు ఉన్నాయి. అల్లుడు వాటిని చేతిలోకి తీసుకుని, విరిగిన చోట ఒకదాన్నొకటి ఆనించి చూశాడు. టక్కున అతుక్కున్నట్టు కుదిరాయి. ముచ్చటేసింది.

"ఎంగిలి చేశారు," అన్నాడు ప్రొఫెసర్.

"సర్?"

"లోహం విరిగినప్పుడు ఆ రెండు ముఖాల మీదా పగులు తన కథంతా రాసుకుంటుంది. ఎక్కడ పుట్టింది, ఎటు నడిచింది, ఏ ద్రవం తాగి బలిసింది, అన్నీ. మైక్రోస్కోపులో చదువుకోవచ్చు. ఒక్కసారి రెండూ ఆనించారా, రాతంతా చెరిగిపోతుంది. మేము చచ్చినా కలపం. బయటివాళ్ళు కలపకుండా ఉండలేరు. మంత్రిగారొచ్చారు, కలిపారు. ఆడిటరొచ్చాడు, కలిపాడు. మా ఆవిడకి పెళ్ళయిన దగ్గర్నుంచీ చెబుతున్నాను, మొన్న కూడా కలిపింది. అందుకే ఇవి చూడవచ్చేవాళ్ళ కోసమని పెట్టిన ఎంగిలి ముక్కలు. మీరేం సిగ్గుపడకండి."

అల్లుడు సిగ్గుపడ్డాడు.

గురువారం మధ్యాహ్నం అతను యంత్రం వెనక బోల్టు బిగిస్తున్నట్టు నటిస్తుండగా నీలం చీర పక్కకొచ్చి ఆగింది.

"ఇంజినీర్ గారూ, స్పానర్ తలకిందులుగా పట్టుకున్నారు."

"మా కంపెనీలో ఇలాగే పడతాం."

"పాత రికార్డుల విభాగంలోనా?" నెమలి నవ్వలేదు. గొంతు బాగా తగ్గించింది. "నేను త్రిభుజం జీతం తీసుకుంటున్న మాట నిజం. రిపోర్టు మాత్రం మనవాళ్ళ మీదే నిఘా పెట్టే ఇన్‌స్పెక్షన్ వింగ్‌కి ఇస్తాను. మీ విభాగంలో పైస్థాయిలో ఒకడు అమ్ముడుపోయాడు. రేపు ఆ ముక్కలు మీ ఆఫీసు గడప తొక్కితే మళ్ళీ కనపడవు. ఎవరికీ ఇవ్వకండి."

"చెవిలో పువ్వు పెట్టడానికి వేరే ఎవరూ దొరకలేదా మీకు?" అన్నాడు అల్లుడు.

ఆ సాయంత్రం పెన్ను క్యాప్ తిప్పి అంతా మామయ్యకి చెప్పేశాడు. అవతల చీఫ్ హాయిగా నవ్వాడు. "ఇంట్లోవాళ్ళ మీద అనుమానం రేపడం వాళ్ళ మొదటి పాఠంరా. రేపు టెస్ట్ అవగానే ఆమెని ఎక్కడో ఒక గదిలో పెట్టి తాళం వెయ్యి. మిగతాది నేను చూసుకుంటా."

శుక్రవారం పన్నెండు గంటలకి చూపుడువేలంత కడ్డీ, నంబర్ నలభై ఏడు, కమిటీ కళ్ళముందు విరిగింది. గట్టి ఉక్కు అది. మామూలుగా అయితే సాగి, సన్నబడి, అప్పుడు తెగాలి. సుద్దముక్క విరిగినట్టు టప్పుమని విరిగింది. కమిటీ మైక్రోస్కోపులో చూసి వెళ్ళిపోయాక, ప్రొఫెసర్ రెండు ముక్కల్నీ చివర్లు పట్టుకుని దూది పరిచిన పెట్టెలో వేరువేరు గళ్ళలో పడుకోబెట్టాడు. రిజిస్టర్‌లో అల్లుడు సంతకం చేశాడు.

తర్వాత నెమలిని ఏదో మీటర్ చూపించాలని, నమూనాల్ని ఒకే వేడిలో ఉంచే ఉష్ణోగ్రత గదిలోకి పిలిచి, తాను బయటికొచ్చి తాళం వేశాడు. ఆమె తలుపు బాదలేదు, అరవలేదు. తలుపు అద్దంలోంచి అతన్ని చూస్తూ నిలబడింది, అంతే. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. అది అతనికి నచ్చలేదు.

రెండు గంటలకి అల్లుడు చీఫ్ గదిలో పెట్టె తెరిచాడు.

"ఈ కాస్త ఇనుప ముక్కకా ఇంత హడావుడి? ఏదీ, చూడనీ," అన్నాడు చీఫ్.

అల్లుడికి లోపల నవ్వొచ్చింది. ఇప్పుడు మామయ్య కూడా కలుపుతాడు, తనలాగే, మంత్రిగారిలాగే. 'ఎంగిలి చేశారు' అనబోతూ మాట నాలుక చివర పెట్టుకుని, ఆపడానికి చెయ్యి సగం చాచి ఉంచాడు.

చీఫ్ జేబులోంచి రుమాలు తీశాడు. మొదటి ముక్కని లావుపాటి చివర రెండు వేళ్ళతో పట్టి, విరిగిన ముఖం వెలుతురుకి తిప్పి చూశాడు. రెండోది ముట్టుకునేముందు మొదటిదాన్ని దాని గడిలో పెట్టేశాడు. సొరుగులోంచి తేమ పీల్చే చిన్న పొట్లాలు రెండు తీసి గడికొకటి వేశాడు. ముఖాలు దేనికీ తగలకుండా మూత నెమ్మదిగా మూశాడు.

"నాకు ఇవన్నీ ఏం తెలుస్తాయిరా. ఇనుము ఇనుమే. నువ్వెళ్ళి భోంచెయ్యి, పొద్దున్నుంచీ తిన్నట్టు లేవు."

"అలాగే సర్."

అల్లుడు మెట్లు దిగాడు. రెండో అంతస్తు మలుపు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. జాగ్రత్తపరుడు కాబట్టి అలా పట్టుకున్నాడు అని తనకి తాను చెప్పుకున్నాడు. మరి ఆ పొట్లాలు? ల్యాబ్‌కి ఫోన్ చేశాడు.

"ప్రొఫెసర్ గారూ, మా చీఫ్‌కి ఈ ముఖాల సంగతి మీరేమైనా చెప్పారా?"

"ఆయన గొంతు కూడా నేను వినలేదే. ఏం?"

"చెప్పకుండా బయటివాడెవడైనా కలపకుండా ఉంటాడా?"

"ముప్పై ఏళ్ళలో నేను చూడలేదు బాబూ. ఎవరో కూర్చోబెట్టి నేర్పి ఉండాలి."

నేర్పారు. ఆ ముఖాలు చెడిపోతే ఎవరికి నష్టమో, వాళ్ళే నేర్పారు.

అల్లుడు గోడ పట్టుకుని నిలబడ్డాడు. చిన్నప్పుడు ఈత నేర్పుతూ మామయ్య నడుం కింద చెయ్యి పెట్టేవాడు. చెయ్యి తీసేశాడేమోనని ఎన్నిసార్లు భయపడ్డా తీసేవాడు కాదు. ఆ చెయ్యే ఇది. ఏడవాలనిపించింది, ఏడవడానికి టైం లేదు. మళ్ళీ పైకి పరిగెత్తాడు. గది ఖాళీ. "సారు ఇప్పుడే లిఫ్ట్‌లో దిగారు, ఎవరో అతిథిని సాగనంపాలని ఎయిర్‌పోర్ట్‌కెళ్ళారు," అన్నాడు గుమస్తా.

ఇరవై నిమిషాల్లో ల్యాబ్‌లో ఉష్ణోగ్రత గది తాళం తీశాడు. నెమలి చేతి గడియారం చూసుకుంది.

"రెండు గంటలు. మీరు సాయంత్రం దాకా రారనుకున్నాను."

"అమ్ముడుపోయిందెవరో తెలిసే నాకు పేరు చెప్పలేదు కదూ."

"చెబితే నమ్మేవారా?" అంది. తర్వాత చూపు పక్కకి తిప్పుకుంది. "ఇంకోటి కూడా ఉంది. మీరూ ఆయన మనిషేనేమోనని మా అనుమానం. ఆ మాట ఆయన చెవిన వేస్తారో లేదో చూడాలనే చెప్పాం. వేశారు."

అంటే ఈమె కూడా వాడుకుంది. ఈ వారంలో తనని వాడుకోనిది ఆ రాయని పెన్ను ఒక్కటేనని అల్లుడికి అర్థమైంది.

"నాలుగింటికి విదేశీ రాయబారి సంచి వెళ్తుంది, త్రిభుజం సరుకు దేశం దాటేది అందులోనే," అంది నెమలి. "మూతికి తాడు బిగించి ముడి మీద లక్క సీలు వేస్తారు. సీలు పడిందంటే ఇక ఆ సంచిని ముట్టుకునే హక్కు ఈ దేశంలో ఎవరికీ లేదు. పడకముందు అది వట్టి సంచి. నడవండి."

మూడు యాభై ఏడు. ఎయిర్‌పోర్ట్ కార్గో కౌంటర్. లోడర్ల ఖాకీ చొక్కా, నెత్తిన టోపీతో అల్లుడు ఒక ట్రాలీ తోసుకుంటూ వచ్చాడు. కౌంటర్ దగ్గర ఎర్ర టై కట్టుకున్న విదేశీయుడు. అతని పక్కన, చేతిలో దూది పెట్టెతో మామయ్య.

"వర్షం వచ్చేలా ఉంది," అన్నాడు ఎర్ర టై, నీట్‌గా నేర్చుకున్న తెలుగులో.

"గొడుగు ఇంట్లో మరిచిపోయాను," అన్నాడు మామయ్య. అద్దాల బయట ఎండ మండిపోతోంది.

పెట్టె సంచిలోకి వెళ్ళింది. తాడు బిగిసింది. ఎర్ర టై స్పిరిట్ దీపం మీద గరిటె పెట్టి లక్క కరిగించాడు. ఎడం చేతిలో ఇత్తడి ముద్ర. అల్లుడికి పదడుగుల దూరం. నెమలితో వచ్చిన ఇన్‌స్పెక్షన్ అధికారులు ఇంకా గేటు దగ్గరే ఉన్నారు. గరిటె వంగింది.

అల్లుడు ట్రాలీ వదిలేసి దూకాడు. అరచెయ్యి ముడి మీద పరిచాడు.

సలసల కాగుతున్న లక్క ముడి మీద పడలేదు. అతని చెయ్యి మీద పడింది. పళ్ళు బిగించాడే తప్ప చెయ్యి తియ్యలేదు. ఎర్ర టై కంగారులో ముద్ర కూడా గుద్దేశాడు, ఆ చెయ్యి మీదే.

"సీలు పడింది నా మీద," అన్నాడు అల్లుడు, ఊపిరి ఎగబీలుస్తూ. "నన్ను పట్టుకెళ్ళండి కావాలంటే. సంచి మాత్రం మాది."

అధికారులు చుట్టుముట్టారు. సంచి తెరిచారు. పెట్టె బయటికొచ్చింది. ఎర్ర టై తన పాస్‌పోర్ట్ గొప్పతనం గురించి ఇంగ్లిష్‌లో ఉపన్యాసం మొదలుపెట్టాడు. మామయ్య మాత్రం కుర్చీలో కూలబడి, మేనల్లుడి చేతి వంక చూశాడు.

"నీళ్ళు పోసుకోరా. బొబ్బ ఎక్కుతుంది."

"ఎందుకు మామయ్యా?" ఆఫీసు పనిలో ఉండగా అతను అలా పిలవడం అదే మొదటిసారి.

"ముప్పై నాలుగేళ్ళు చేశాను. ఒక్క మనిషి బాగా చేశావనలేదు. వచ్చే నెల రిటైర్‌మెంట్. నా పేరు ఏ కాగితం మీదా ఉండదు. వాళ్ళు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి గంటలు గంటలు నా మాట విన్నారురా."

"రిజిస్టర్‌లో సంతకం నాది. ముక్కలు పోతే ఉరి నాకు. ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు పంపారు?"

"ఇంకెవడైనా అయితే నన్ను అనుమానించేవాడు," అన్నాడు మామయ్య.

అల్లుడికి చెయ్యి మంట తెలియడం మానేసింది.

అధికారులు లేవదీస్తుంటే మామయ్య వెనక్కి తిరిగాడు. "మీ అమ్మకి మాత్రం చెప్పకు. అక్క తట్టుకోలేదు."

సాయంత్రం ఆరింటికి ప్రొఫెసర్ ల్యాబ్‌లో, ఇక ఎవరూ చదవకుండా ముక్కలు కొలిమిలోకి వెళ్ళాయి. నెమలి అతని చేతికి కట్టు కట్టి, క్షమించమని అడగబోయి మానేసి, వెళ్ళిపోయింది. అప్పుడు ఫోన్ మోగింది. అమ్మ.

"మీ మామయ్య ఫోనెత్తడం లేదేంట్రా? ఆదివారం భోజనానికి వస్తానన్నాడు."

అల్లుడు జీవితంలో ఎన్నో అబద్ధాలు చెప్పాడు. ఇది అన్నిటికన్నా కష్టమైంది, ఎందుకంటే ఇందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

"రాడమ్మా. ఉన్నట్టుండి వేరేచోటికి మార్చారు. చాలా ఏళ్ళు అక్కడే ఉండాలి. గదీ భోజనం ప్రభుత్వమే చూసుకుంటుంది. బయట కాపలా కూడా పెట్టారు."

"పోన్లే," అంది అమ్మ, మనసు తేలికపడి. "వాడు పడ్డ కష్టానికి ఆ మాత్రం మర్యాద ఎప్పుడో చెయ్యాల్సింది."