బకెట్లో కట్టిన మీగడ

చిన్న కథే. పొయ్యి మీద పాలు పొంగేలోపు చెప్పేస్తాను. ఒక బోల్టు, ఒక బకెట్టు, ఒక బొటనవేలు. అంతే.

కాకపోతే తళుకు సంగతి చెప్పకుండా బకెట్టు దగ్గరికి పోలేం. అతనికి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది కానీ, ఆ పేరుతో పిలిస్తే అతనే పలకడు. కంటపడ్డ ఇనుపముక్కకల్లా జింకు పూత పూసే మనిషి. గేటు గొళ్ళెం, కత్తెర, గొడుగు పుల్లలు, ఆఖరికి పక్కింటి రిటైరైన పోస్టుమాస్టరు చేతికర్ర అడుగున ఉండే ఇనప పొన్ను. అంత అందమైన పొన్ను నేలకి అరిగిపోతుందని ఆ పెద్దమనిషి కర్రని తలకిందులుగా పట్టుకుని నడిచాడు. పడ్డాడు కూడా. అది వేరే కథ, ఆయన లేనప్పుడు చెప్పుకోవాలి.

పాత మోటార్‌సైకిళ్ళు విప్పి, తుప్పు వదిలించి, కొత్తవాటిలా నిలబెట్టడం తళుకు సరదా. ఇంటి వెనక రేకుల షెడ్డు. అందులో మూడు బకెట్లు. మొదటిదాంట్లో జిడ్డు వదలగొట్టే కాస్టిక్ సోడా, రెండోదాంట్లో తుప్పు తినే యాసిడ్. మూడోది అసలైన బకెట్టు. వెనిగర్‌లో ఏవో లవణాలు, గుప్పెడు పంచదార, అంచు నుంచి వేలాడే జింకు రేకు. రేకుకి ఒక తీగ, బోల్టుకి ఒక తీగ, బ్యాటరీ చార్జరు నుంచి కరెంటు. అరగంటలో బోల్టు పెళ్ళికొడుకులా పైకి వస్తుంది. వాసన మాత్రం పులిసిన సాక్సులు ఉడకబెట్టినట్టు ఉంటుంది. "ఈయన పక్కన పడుకుంటే సలాడ్‌లో పడుకున్నట్టే" అని భార్య నలుగురిలోనూ అనేది. నలుగురూ నవ్వేవారు. తళుకూ నవ్వేవాడు.

ఈ పనికి రెండు నియమాలు. కడిగిన వస్తువుని ఒట్టి చేత్తో ముట్టకూడదు. వేలి జిడ్డు అంటిన చోట పూత పట్టదు, వేలిముద్ర మచ్చలా మిగిలిపోతుంది. రెండోది, గట్టి ఉక్కు బోల్టుకి పూత పూశాక వెంటనే ఓవెన్‌లో పెట్టి నాలుగు గంటలు కాల్చాలి. లేకపోతే పూత పూసేటప్పుడు లోపలికి దూరిన హైడ్రోజన్ ఉక్కుని పెళుసు చేసేస్తుంది. పైకి నిగనిగ, లోపల బిస్కెట్టు.

ఏడాది కిందట తళుకు తన బావ బండి ముందు బ్రేకు బోల్టుకి పూత పూశాడు. బావ అంటే అక్క మొగుడు, వడ్రంగి. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. రంపం జారి ఆయన కుడి బొటనవేలి మీద ఏటవాలుగా ఒక గాటు ఉండేది. పూత అయిపోయి తళుకు వంటింట్లోకి వచ్చేసరికి, భార్య ఓవెన్‌లో కూతురి కోసం కేకు పెట్టి ఉంది.

"దాంతోపాటు ఒక మూల ఇది కూడా పెట్టు" అన్నాడు తళుకు.

"నట్లూ బోల్టులూనా? రేపట్నుంచి అన్నం బదులు అవే పెట్టమంటారా?"

రేపు కాల్చుదాంలే అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే బావ వచ్చి నవ్వుతూ నిలబడ్డాడు. కాల్చని బోల్టు బిగించి బండి ఇచ్చేశాడు తళుకు.

నాలుగో రోజు బ్రేకు పట్టక బండి పడింది, బావని మోసుకొచ్చారు. అంతకుముందే, రోడ్డు మీద రెండుగా విరిగి మెరుస్తున్న బోల్టు ముక్కల్ని, మిగతావాళ్ళు బావ చుట్టూ మూగి ఉండగా, తళుకు ఏరి జేబులో వేసుకున్నాడు. పాడె ముందుభాగం కూడా అతనే పట్టాడు. బోల్టు సంగతి అక్కకి తెలిస్తే తనకి ఇక అక్క ఉండదని అతనికి తెలుసు. తల్లి పోయాక పెంచిన అక్క.

మొన్నటి ఎండల్లో ఆ అక్కే బండిని లాక్కొచ్చి షెడ్డు ముందు నిలబెట్టింది.

"ఒరేయ్, దీన్ని మళ్ళీ కొత్తదానిలా చెయ్యి. ఇకమీదట నేనే నడుపుతాను."

"నువ్వా?"

"ఏం, మీ బావ పుట్టుకతోనే నడిపాడా?"

కాదనలేకపోయాడు.

ముందు కిక్ రాడ్డు తీశాడు. కడిగాడు, యాసిడ్‌లో ముంచాడు, పూతలో వేలాడదీశాడు. అరగంటకి పైకి తీస్తే మధ్యలో మచ్చ. బొటనవేలి ముద్ర. ఎక్కడో తానే ముట్టుకుని ఉంటాడనుకున్నాడు. గీకేసి మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే ముద్ర, అదే చోట. రబ్బరు తొడుగులు వేసుకుని మూడోసారి వేశాడు. ఈసారి ముద్ర ఇంకా స్పష్టంగా పడింది. గీతలకి అడ్డంగా, ఏటవాలుగా, ఒక గాటు.

ద్రావణం చెడిందనుకున్నాడు. మనిషికి భయమేస్తే ముందు తప్పు సరుకు మీద పెడతాడు. బకెట్టు మొత్తం తూములో గుమ్మరించాడు. నీళ్ళు దిగలేదు. తూము నోటికి తెల్లగా, జారుజారుగా ఏదో అడ్డుపడింది. పుల్లతో లాగితే చిరగలేదు. సాగింది. సాగి సాగి, టప్పుమని వెనక్కి వెళ్ళి తూము అంచుని అంటుకుంది.

కొత్త ద్రావణం కలిపాడు. కొత్త రేకు కట్టాడు. మిట్టమధ్యాహ్నం, రేకుల కప్పు మీద ఎండ చిటపటమంటోంది, పక్కింటి రేడియో ఎవరి జాతకమో చెబుతోంది. గంటలో బకెట్టు మీద మీగడ కట్టింది.

పాల మీద కట్టినట్టే. లేత పసుపు. మధ్యలో ముడతలు. వెనిగర్ వాసన పోయింది. దాని బదులు రంపపుపొట్టు, దానికింద చెమట... పని దిగి వచ్చి తల తుడుచుకోకుండా భోజనానికి కూర్చునే మనిషి మెడ వాసన. వెచ్చగా, జిడ్డుగా, ఉప్పగా. ఆ వాసన ముక్కులోకి కాదు, నాలుక మీదికి వచ్చింది. ఉమ్మాడు. మళ్ళీ ఉమ్మాడు. పోలేదు.

తొడుగు చేత్తో మీగడ అంచు ఎత్తాడు.

ద్రావణం చల్లగా ఉంది. మీగడ మాత్రం వెచ్చగా ఉంది.

దానికి సన్నని గీతలున్నాయి... గీతల మధ్య చిన్న చిన్న రంధ్రాలున్నాయి... ఒక్కో రంధ్రంలోంచి ఒక నల్లటి వెంట్రుక మొన మొలిచి ఉంది.

తలుపు సందులోంచి గాలి తగిలింది. మీగడ మీద గగుర్పాటు లేచింది.

తళుకు గోడ పట్టుకుని కడుపులో ఉన్నదంతా కక్కుకున్నాడు. తల తిప్పేసరికి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. చేతిలో కిక్ రాడ్డు. ముద్ర మీద తన బొటనవేలు ఆనించి ఉంది.

"ఇది మీ బావ వేలురా" అంది గుసగుసగా.

"అక్కా... బకెట్టు వైపు చూడకు."

చూడొద్దంటే చూడని ఆడది ఆ ఇంట్లో పుట్టలేదు. వంగి చూసింది. చాలాసేపు చూసింది. ముక్కు మూసుకోలేదు. ఆ మీగడ ముడత పడ్డ చోట, పసిపిల్ల బుగ్గ తుడిచినట్టు, ఒట్టి చేత్తో మెల్లగా సరిచేసింది. అది ఆమె వేలి కింద కొంచెం... ఒత్తిగిలింది. తళుకుకి మళ్ళీ డోకు వచ్చింది, కక్కడానికి ఏమీ మిగల్లేదు.

అప్పుడు చెప్పేశాడు. ధైర్యం వచ్చి కాదు, నోరు ఎలాగూ తెరుచుకుని ఉంది కాబట్టి.

"ఆ బోల్టు నేను కాల్చలేదక్కా. కాల్చకుండా బిగించాను. విరిగింది అదే. ముక్కలు నేనే దాచాను."

చార్జరు గుంయ్‌మంటోంది. బకెట్లో బుడగలు చిట్లుతున్నాయి.

"ఎంతసేపు కాల్చాలి?" అంది అక్క, తల ఎత్తకుండా.

"నాలుగు గంటలు."

"నాలుగు గంటలు" అంది. తిట్టలేదు, ఏడవలేదు, కొట్టలేదు. షెడ్డంతా ఒకసారి చూసి, "మూతుందా?" అని అడిగింది.

"దేనికి?"

"బకెట్టుకి. దారిలో ఒలికిపోదూ?"

బకెట్టు, చార్జరు, తీగలు తీసుకుని వెళ్ళిపోయింది. బండి విప్పిన ముక్కలుగా తళుకు షెడ్డులోనే ఉంది, దాని ఊసే ఎత్తలేదు. బోల్టు సంగతి ఎవరికీ చెప్పలేదు. వారానికోసారి వెనిగరూ జింకు రేకూ తెమ్మని తమ్ముడికి కబురు పెడుతుంది, తళుకు మోసుకెళ్ళి గుమ్మంలో ఇచ్చి వస్తాడు. తలుపు జానెడే తెరుస్తుంది. జానెడు రేకు వారంలో కరిగిపోతోందట. మొదటి నెల "మణికట్టు దాకా వచ్చింది" అంది, స్వెట్టరు అల్లేవాళ్ళు చెప్పినట్టు. రెండో నెల మోచెయ్యి అంది. మూడో నెల బకెట్టు చాలడం లేదు, తొట్టి కావాలంది.

"పొడుగెంత, వెడల్పెంత?" అని అడిగాడు తళుకు.

"మోసినవాడివి, నీకు తెలీదా?"

తొట్టి చేయించి ఇచ్చాడు. కిందటి వారం దానికి మూత కూడా చేయించమంది. గడియ మాత్రం లోపలివైపు ఉండాలంది. అలాగే పెట్టించాడు.